ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా? ఉన్నది చాలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది. ఆరేడేళ్ల నాటి ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్న ఇళ్లలో అప్పటి నుంచీ ఒకటే సందేహం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే 'మంచి యాంటీవైరస్ వేయించుకోండి, ఇంకో రెండేళ్లు ఢోకా లేదు' అనే మాట వినిపిస్తుంది. ఐటీ ఉద్యోగం చేసే బంధువును అడిగితే 'విండోస్‌లోనే డిఫెండర్ అనే ఉచిత యాంటీవైరస్ ఉందిగా, డబ్బు దండగ' అంటాడు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది ఎవరు, దాంతో ఏం చేస్తారు అన్నది మాత్రం ఇద్దరూ అడగరు. జవాబు ఉన్నది అక్కడే.

సంక్షిప్తంగా: వైరస్‌ను పట్టుకునే శక్తిలో ఉచితానికీ డబ్బు కట్టేదానికీ తేడా చాలావరకు చెరిగిపోయింది. అప్‌డేట్లు అందుతున్న విండోస్‌లో డిఫెండర్‌ను పూర్తిగా ఆన్ చేసి ఉంచితే ఎక్కువ ఇళ్లకు సరిపోతుంది. నెట్ సరిగా లేకుండా పెన్‌డ్రైవ్‌లతో పని నడిచేచోట, పెద్దవాళ్లకు ఫోన్‌లో సాయం కావలసినచోట, పిల్లల వాడకంపై అదుపు కావలసినచోట డబ్బు పెట్టడానికి అర్థం ఉంది. పైరసీ సాఫ్ట్‌వేర్ నుంచి, మోసపు ఫోన్ కాల్ నుంచి ఏ రకం యాంటీవైరస్సూ కాపాడలేదు.

డిఫెండర్‌పై పాత అనుమానం ఎక్కడిది

విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో కంప్యూటర్ కొన్నవాళ్లు యాంటీవైరస్ డబ్బా కూడా కొనేవారు. అది అప్పట్లో నిజంగానే అవసరం. విండోస్ 7లో డిఫెండర్ పేరుతో ఉన్నది స్పైవేర్‌ను, అంటే రహస్యంగా నిఘా పెట్టే ప్రోగ్రామ్‌లను మాత్రమే చూసేది. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితంగా ఇచ్చినా, దాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చేది. 2012లో విండోస్ 8తో తొలిసారి పూర్తిస్థాయి యాంటీవైరస్ విండోస్‌లో భాగమైంది. అప్పటికి ల్యాబ్ పరీక్షల్లో దాని మార్కులు అంతంతమాత్రమే. 'డిఫెండర్ పనికిరాదు' అన్న మాట ఆ కాలంలో పుట్టి, నేటికీ షాపుల్లో చలామణీ అవుతోంది.

పరిస్థితి మారిన సంగతి స్వతంత్ర పరీక్షల్లో కనిపిస్తుంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు 6, వేగానికి 6, మామూలు ఫైళ్లను వైరస్ అనుకుని పొరబడకుండా ఉండటానికి 6, మొత్తం 18 మార్కులకు లెక్క కడుతుంది. రక్షణలో డిఫెండర్ చాలా ఏళ్లుగా పూర్తి మార్కులో, దానికి అరమార్కు తక్కువో తెచ్చుకుంటోంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ పరీక్షల్లోనూ అది పెద్ద కంపెనీల సరసనే నిలుస్తోంది. అయితే ఈ రెండో సంస్థ ఫలితాల్లో ఒక గడిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నెట్ లేనప్పుడు ఎన్ని వైరస్‌లను గుర్తించిందో విడిగా చూపే గడి అది. డిఫెండర్ వెనకబడేది అక్కడే. అందుకు కారణం తెలియాలంటే యాంటీవైరస్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

పట్టుకునే పని ఎలా సాగుతుంది

మూడు అంచెల్లో మొదటిది సిగ్నేచర్. తెలిసిన వైరస్‌ల ఆనవాళ్ల జాబితా కంప్యూటర్‌లో ఉంటుంది, రోజుకు కొన్నిసార్లు తాజా అవుతుంది. తెరుస్తున్న ఫైల్‌లో ఆ ఆనవాలు కనిపిస్తే అక్కడికక్కడే ఆపేస్తుంది. రెండోది నడత. ఫైల్ కొత్తదే అయినా, అది నడవడం మొదలుపెట్టాక డాక్యుమెంట్లను వరుసగా తిరగరాయడం, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల ఫైల్‌ను తెరవడం వంటి పనులు చేస్తే అనుమానించి నిలిపేస్తుంది. మూడోది క్లౌడ్. ఎన్నడూ చూడని ఫైల్ ఎదురైతే దాని వివరాలను కంపెనీ సర్వర్‌కు పంపి జవాబు కోసం ఆగుతుంది. ఇందుకోసం డిఫెండర్ మామూలుగా 10 సెకన్ల వరకు ఆ ఫైల్‌ను నడవనివ్వదు.

డిఫెండర్ బలం ఎక్కువగా ఈ మూడో అంచెలోనే ఉంది. ప్రపంచమంతటి విండోస్ కంప్యూటర్ల నుంచి సమాచారం చేరే సర్వర్ కాబట్టి, ఒకచోట కనిపించిన కొత్త వైరస్‌ను మరోచోట త్వరగా ఆపగలదు. నెట్ తీసేస్తే ఆ బలం బాగా తగ్గుతుంది. బిట్‌డిఫెండర్ లాంటి కంపెనీలు కంప్యూటర్‌లోనే ఎక్కువ సరంజామా పెడతాయి కనుక నెట్ లేకున్నా మెరుగ్గా పట్టుకుంటాయి.

ఇందులో తెలుసుకోవలసిన ఇంకో సంగతి: ఒకే కంపెనీ ఉచిత ఎడిషన్‌లోనూ పెయిడ్ ఎడిషన్‌లోనూ వైరస్‌ను పట్టుకునే ఇంజిన్ ఒకటే. అవాస్ట్, ఏవీజీ, అవీరా, బిట్‌డిఫెండర్, కాస్పర్‌స్కీ అన్నిటిదీ ఇదే తీరు. డబ్బు కడితే వైరస్‌ను ఇంకా బాగా పడుతుందన్న నమ్మకంతో కొంటే నిరాశే. కొనేది ఇంజిన్ చుట్టూ ఉన్న మిగతా సౌకర్యాలను.

జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్

నెట్ లేకుండా పట్టుకోవడం ఏ ఇంటికి ముఖ్యం? హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో దాని విలువ తక్కువ. కానీ హాల్‌టికెట్, ప్రాజెక్టు రిపోర్టు, రెజ్యూమె ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపుకు వెళ్లి రావడం ఇంకా మామూలే. రోజుకు పదుల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే ఆ షాపు కంప్యూటర్‌కు వైరస్ తగిలితే, తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుతుంది.

అందరికీ తెలిసిన షార్ట్‌కట్ వైరస్ పనిచేసే తీరు చూస్తే, యాంటీవైరస్ తన పని తాను చేసినా మనిషి ఎందుకు కంగారు పడతాడో అర్థమవుతుంది. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లు ఎప్పటిలాగే ఉంటాయి, కాకపోతే ప్రతి బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అవి అసలు ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. డబుల్ క్లిక్ చేయగానే వెనకాల ఒక స్క్రిప్ట్ నడిచి కంప్యూటర్‌లోకి చేరుతుంది. వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. అసలు ఫైళ్లను వైరస్ చెరపదు, హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులు తగిలించి కనబడకుండా చేస్తుందంతే.

ఇంటికొచ్చి గుచ్చగానే యాంటీవైరస్ ఆ షార్ట్‌కట్‌లను తీసేస్తుంది. పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపిస్తుంది. 'యాంటీవైరస్ నా ఫైళ్లన్నీ తినేసింది' అన్న ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. ఆ కంగారులో ఫార్మాట్ కొట్టారంటే మాత్రం ఫైళ్లు నిజంగానే పోతాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటెమ్స్ ఆన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్ తీసేస్తే మసకగా ఉన్న అసలు ఫైళ్లు బయటపడతాయి. వాటిని కాపీ చేసుకుని, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి. ప్రింట్ కోసమే అయితే పీడీఎఫ్‌ను వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో షాపుకు పంపితే ఈ తంటా మొత్తం తప్పుతుంది. అయితే ఆధార్, పాన్ కాపీలను అలా పంపినప్పుడు, ప్రింట్ అయ్యాక షాపు కంప్యూటర్‌లో దగ్గరుండి డిలీట్ చేయించాలి.

డబ్బు కడితే వచ్చేవి

ఒక కంప్యూటర్‌కు ఏడాది లైసెన్స్ కొన్ని వందల రూపాయల నుంచి రెండు వేల దాకా ఉంటుంది. డబ్బా మీద పొడుగాటి జాబితా ఉంటుంది. అందులో నెట్ రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ విండోస్‌లో ఇప్పటికే ఉంది. పాస్‌వర్డ్ మేనేజర్ బ్రౌజర్‌లో ఉంది, బిట్‌వార్డెన్ లాంటివి విడిగా ఉచితంగా దొరుకుతాయి. జంక్ ఫైళ్లు ఊడ్చే క్లీనర్‌కు రక్షణతో సంబంధమే లేదు. నెట్ వాడకాన్ని గుప్తంగా సాగించే వీపీఎన్‌ను తక్కువ ప్లాన్లలో రోజుకు కొన్ని వందల ఎంబీలకే పరిమితం చేయడం కొన్ని కంపెనీల అలవాటు.

ఫైళ్లకు తాళం వేసి విప్పడానికి డబ్బు అడిగే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు, దాని నుంచి రక్షణ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. డిఫెండర్‌లోనూ అది ఉంది. పేరు కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రామ్ ఏదీ రాయకుండా అడ్డుకుంటుంది. కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని ఆఫ్‌లోనే ఉంచి ఇస్తుంది. ఆన్ చేస్తే పాత అకౌంటింగ్ ప్యాకేజీలు, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, చిన్న కంపెనీల ఫొటో ఎడిటర్లు ఫైల్ సేవ్ చేయలేక మొరాయిస్తాయి. అలాంటప్పుడు 'అలౌ యాన్ యాప్' జాబితాలో వాటిని ఒక్కొక్కటిగా చేర్చాలి. పెయిడ్ యాంటీవైరస్‌లలో ఇదే పని తక్కువ గొడవతో జరుగుతుంది. పోగొట్టుకోలేని ఫొటోలు, లెక్కలు ఉన్న ఇంట్లో ఓపిక చేసుకుని డిఫెండర్‌లోనే ఆన్ చేసుకోవచ్చు. వేరే యాంటీవైరస్ వేస్తే ఈ సదుపాయం ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అది డిఫెండర్ రియల్ టైమ్ రక్షణ మీద ఆధారపడింది.

నకిలీ వెబ్‌సైట్లను అడ్డుకోవడంలో చిన్న తేడా ఉంది. మైక్రోసాఫ్ట్ స్మార్ట్‌స్క్రీన్ వెబ్‌సైట్లను వడకట్టేది ప్రధానంగా ఎడ్జ్ బ్రౌజర్‌లోనే. క్రోమ్ వాడేవారికి గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ ఉంటుంది, కానీ దాని స్టాండర్డ్ మోడ్ కంటే ఎన్‌హాన్స్‌డ్ మోడ్ మెరుగు. పెయిడ్ యాంటీవైరస్ ఏ బ్రౌజర్ అయినా తన జాబితాతో మరో వడపోత పెడుతుంది. పిల్లల విషయంలోనూ ఇంతే. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితమే గానీ దాని వెబ్ వడపోత ఎడ్జ్‌కే పరిమితం, మిగతా బ్రౌజర్లను అది మూసేస్తుంది. క్రోమ్ లేకుండా ఆన్‌లైన్ క్లాసులు నడవని ఇంట్లో అది చిక్కే.

ఇక నిజంగా డబ్బుకు విలువ ఇచ్చేది, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండేది, సహాయం. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు ఇక్కడ ఒక్కళ్లే కంప్యూటర్ వాడే ఇళ్లు కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వేలల్లో ఉన్నాయి. వాళ్లకు ఏదో హెచ్చరిక కనిపించినప్పుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికితే దొరికేవాటిలో మోసగాళ్ల నంబర్లు ఉంటాయి. కొన్న కంపెనీ నంబర్‌ను డబ్బా మీద నుంచి చూసి, కాగితంపై రాసి మానిటర్ పక్కన అతికిస్తే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. పుణేకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 లాంటి దేశీయ కంపెనీలకు ఊరూరా డీలర్లు ఉండటం ఇలాంటి ఇళ్లకు కలిసొచ్చే అంశం.

ఉచితం పేరుతో వసూలయ్యేది

డిఫెండర్ ఖర్చు విండోస్ లైసెన్స్‌లోనే కలిసి ఉంది. ఇతర కంపెనీల ఉచిత యాంటీవైరస్‌కు ఖర్చు ఎక్కడి నుంచి రావాలి? చాలావరకు పెయిడ్‌కు మారమంటూ వచ్చే పాప్-అప్‌ల ద్వారా వస్తుంది. ఒక్కోసారి అంతకంటే పెద్ద మూల్యమే చెల్లించాల్సి వచ్చింది. అవాస్ట్ తన వాడకందారులు చూసిన వెబ్‌సైట్ల వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. 2020 జనవరిలో వార్తా సంస్థల పరిశోధన ఆ సంగతి బయటపెట్టాక జంప్‌షాట్‌ను మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంలో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం అలాంటి వివరాలు అమ్మరాదని ఆదేశించింది. రక్షణ కోసం పెట్టుకున్న ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో జరిగే ప్రతిదీ చూడగలదు, అందుకే దాన్ని నడిపే కంపెనీ ఎవరో తెలుసుకోవడం అనవసరపు చాదస్తం కాదు.

ఆ కోణంలో చూస్తే ఎంపికలు కనిపించినన్ని లేవు. అవాస్ట్ 2016లో ఏవీజీని కొన్నది. నార్టన్ కంపెనీ 2021లో అవీరాను కలుపుకుని, 2022లో అవాస్ట్‌తో ఏకమై జెన్ డిజిటల్‌గా మారింది. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా ఇప్పుడు ఒకే గొడుగు కిందివి. రష్యాకు చెందిన కాస్పర్‌స్కీని అమెరికా 2024లో నిషేధించింది, భారత్‌లో అలాంటి నిషేధం లేదు. ఆ నిషేధానికి కారణం రష్యా ప్రభుత్వ ప్రభావంపై భయమే. పరీక్షల్లో దాని ఇంజిన్ పనితీరు ఎప్పుడూ బాగానే ఉంది.

మరో షరతు చాలామంది చదవరు. ఇలాంటి ఉచిత ఎడిషన్లలో ఎక్కువ భాగం సొంత, గృహ వాడకానికి మాత్రమే. ఇంట్లోనే ట్యూషన్ సెంటర్ లెక్కలు, టైలరింగ్ షాపు బిల్లులు, డీటీపీ పని నడిచే కంప్యూటర్‌లో అది వేయడం లైసెన్స్‌కు విరుద్ధం. డిఫెండర్‌కు ఆ ఇబ్బంది లేదు.

కొన్నవారికి ఎదురయ్యే చిక్కులు

కొత్త ల్యాప్‌టాప్‌తో మెకాఫీ లాంటిదాని ట్రయల్ వస్తుంది. అది ఉన్నంతసేపు డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. గడువు తీరాక పాతది అప్‌డేట్లు లేకుండా అలాగే కూర్చుంటే, ఏది పనిచేస్తోందో తెలియని స్థితి వస్తుంది. కొనే ఉద్దేశం లేకపోతే గడువు దాకా ఆగక్కర్లేదు. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాన్ని తీసేసి రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూడాలి. అవశేషాలు మిగిలి డిఫెండర్ లేవకపోతే, ఆ కంపెనీ సైట్‌లోనే దొరికే తొలగింపు టూల్ నడపాలి. రెండు యాంటీవైరస్‌లు కలిపి వేస్తే రెట్టింపు రక్షణ వస్తుందనుకోవడం పొరపాటు. తెరిచే ప్రతి ఫైల్‌ను రెండూ పట్టి చూస్తాయి, ఒకటి పట్టి విడిగా బంధించిన ఫైళ్లను (క్వారంటైన్) మరొకటి వైరస్ అనుకుంటుంది, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ నడవడమే మానేస్తుంది.

ధర విషయంలో మొదటి ఏడాది డిస్కౌంట్‌కు మోసపోకూడదు. రెండో ఏడాది నుంచి పూర్తి ధర, అదీ ఆటో రెన్యువల్‌తో. ఆటోమేటిక్ చెల్లింపులకు ముందే ఇచ్చే అనుమతిపై రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఈ-మాండేట్ నిబంధనల ప్రకారం 15,000 రూపాయల లోపు రెన్యువల్‌కు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. డబ్బు కోయడానికి 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపితే చాలు. ఆ మెసేజ్ మిగతా ప్రకటనల మధ్య కలిసిపోతుంది. కాబట్టి కొన్న రోజే కంపెనీ అకౌంట్‌లో ఆటో రెన్యువల్ ఆఫ్ చేసుకోవడం మేలు. వాట్సాప్‌లో, ఆన్‌లైన్‌లో వందో రెండు వందలో చెప్పి అమ్మే లైసెన్స్ కీలలో వేరే దేశానివి, ఆఫీసుల బల్క్ లైసెన్స్ నుంచి తీసినవి ఉంటాయి. కొన్నాళ్లకు కంపెనీ వాటిని రద్దు చేస్తే అడిగే దిక్కుండదు. సీల్ విప్పని డబ్బా, జీఎస్టీ బిల్లు ఉంటేనే షాపులో కొనాలి.

యాంటీవైరస్ విండోస్ అట్టడుగు పొరలో, కెర్నల్‌లో డ్రైవర్లు నడుపుతుంది. అంత లోతున తప్పు జరిగితే ఏమవుతుందో 2024 జులై 19న తెలిసింది. ఆఫీసులు వాడే క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క లోపభూయిష్ట అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది ఇళ్లకు అమ్మేది కాదు, అయినా పాఠం వర్తిస్తుంది: ఊరూ పేరూ లేని యాంటీవైరస్‌ను ప్రయత్నించి చూద్దామని వేయకూడదు.

ఏదీ ఆపలేని దారులు

ఇంటి కంప్యూటర్లకు పెద్ద నష్టం తెచ్చేవి ఎక్కువగా మనిషి చేతుల మీదుగానే లోపలికొస్తాయి. వాటిలో మొదటిది పైరసీ. విండోస్, ఆఫీస్‌లను డబ్బు కట్టకుండా నడిపించే యాక్టివేటర్లు, గేముల క్రాక్‌లు, డీటీపీ పనికి పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్ల ప్యాకేజీల దొంగ కాపీలు పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారుతుంటాయి. వాటితో వచ్చే సూచనల్లో మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేసిన క్షణంలో 500 పెట్టి కొన్నదీ, 2,000 పెట్టి కొన్నదీ, ఉచితమూ అన్నీ సమానమే.

ఆ దారిన వచ్చే రాన్సమ్‌వేర్‌లలో ఇళ్లను ఎక్కువగా పట్టిపీడించింది స్టాప్-డీజేవీయూ. ఫొటోలు, డాక్యుమెంట్ల పేర్ల చివర కొత్త తోక చేరుతుంది. 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగం అని ఒక టెక్స్ట్ ఫైల్ దొరుకుతుంది. ఇది ఫైల్ మొత్తాన్ని గిలకొట్టదు, మొదటి 150 కిలోబైట్ల దాకానే పాడు చేస్తుంది. అందుకే పెద్ద వీడియోలు కొన్నిసార్లు రిపేర్ టూల్స్‌తో బతుకుతాయి, చిన్న ఫొటోలు బతకవు. దాడి సమయంలో నెట్ లేకపోతే అది అందరికీ ఒకే ఆఫ్‌లైన్ కీ వాడుతుంది, ఆ టెక్స్ట్ ఫైల్‌లో ఇచ్చే ఐడీ చివర టీ1 అని ఉంటుంది. అలాంటివాటిలో కొన్నిటికి ఎంసీసాఫ్ట్ అనే కంపెనీ ఉచితంగా ఇచ్చే డీక్రిప్టర్ (తాళం విప్పే టూల్) పనిచేస్తుంది. ఆన్‌లైన్ కీ అయితే ప్రతి కంప్యూటర్‌కూ వేరు, దాన్ని విప్పుతామని వేలల్లో డబ్బు అడిగే షాపులను నమ్మకూడదు. దీనికి అసలు విరుగుడు బ్యాకప్ ఒక్కటే. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో వారానికోసారి కాపీ చేసి, కాపీ అయ్యాక కేబుల్ తీసేయాలి. తగిలించి వదిలేస్తే దాన్నీ గిలకొడుతుంది.

రెండోది పాస్‌వర్డ్ దొంగలు. లుమ్మా, రెడ్‌లైన్ లాంటివి కంప్యూటర్‌ను పాడు చేయవు, నెమ్మదిగా నడిచేలా కూడా చేయవు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను, ఇప్పటికే లాగిన్ అయినట్టు సైట్‌కు చెప్పే కుకీలను ఒక్కసారి మూటగట్టి పంపి చాలావరకు తప్పుకుంటాయి. కుకీ చేతికి చిక్కితే ఓటీపీ అడగకుండానే జీమెయిల్‌లోకి వెళ్లొచ్చు. ఇవి వ్యాపించే కొత్త ఎత్తు మరీ తెలివైనది: 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ ఒక పేజీ వస్తుంది, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్-వీ కొట్టి ఎంటర్ నొక్కమంటుంది. అలా చేస్తే పేజీ ముందే కాపీ చేసి పెట్టిన కమాండ్‌ను మనిషే తన చేత్తో నడిపినట్టు. నిజమైన క్యాప్చా ఏదీ విండోస్ కీ, ఆర్‌తో తెరుచుకునే రన్ డబ్బాను తెరవమనదు.

ఇక దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ వేసుకోమనే ఫోన్ కాల్, డిజిటల్ అరెస్ట్ బెదిరింపు, వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ వేసే ఫైల్) కంప్యూటర్ యాంటీవైరస్ పరిధిలోకే రావు.

విండోస్ 10 సంగతి

షాపులో చెప్పే 'యాంటీవైరస్ వేయండి, సరిపోతుంది' అన్నది ఇక్కడే తప్పుతోంది. విండోస్‌లో లోపం పూడ్చకుండా యాంటీవైరస్ వేయడం, వెనక గోడకు కన్నం ఉండగా వీధి గుమ్మం దగ్గర కాపలా పెట్టడమే. 2017 మే 12న మొదలైన వానాక్రై రాన్సమ్‌వేర్ దాడికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అది వేయని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కొన్ని సహా.

విండోస్ 10 డిఫెండర్‌కు వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా వస్తాయి. కానీ విండోస్ లోపాలకు అతుకులు రావాలంటే ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరాలి. ఇళ్లకు దాని గడువు 2026 అక్టోబర్ 13గా ప్రకటించారు. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్‌లో 'ఎన్‌రోల్ నౌ' కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే డబ్బు అక్కర్లేదు, వద్దనుకుంటే 30 డాలర్లు లేదా 1,000 రివార్డ్స్ పాయింట్లు. యాంటీవైరస్‌కు డబ్బు తీసే ముందు చేయాల్సిన పని ఇది. ఇంటెల్ 8వ తరం, ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటే విండోస్ 11కు ఉచితంగానే మారవచ్చు. హార్డ్‌డిస్క్ మీద నడుస్తూ మూలిగే ల్యాప్‌టాప్‌కు యాంటీవైరస్ బడ్జెట్‌ను ఎస్‌ఎస్‌డీ వైపు మళ్లించడం ఇంకా మంచి ఖర్చు.

ఏ ఇంటికి ఏది

ఒరిజినల్ విండోస్, ఫైబర్ నెట్, సొంత బ్యాకప్, కొంచెం జాగ్రత్త తెలిసిన మనిషి ఉన్న ఇంటికి డిఫెండర్ చాలు. ఇంకో ఉచిత యాంటీవైరస్‌తో దానికంటే అదనంగా వచ్చేది పాప్-అప్‌లే. రోజూ బయటి పెన్‌డ్రైవ్‌లు వచ్చే ఇల్లు, ఊళ్లో మొబైల్ డేటా మీద అప్పుడప్పుడే నెట్‌కు తగిలే కంప్యూటర్, చిన్న వ్యాపారం నడిచే కంప్యూటర్ అయితే నెట్ లేకున్నా బాగా పట్టే పెయిడ్ యాంటీవైరస్‌కు డబ్బు పెట్టవచ్చు. పెద్దవాళ్లు ఒంటరిగా వాడే కంప్యూటర్‌కైతే సహాయం కోసం కొనాలి. మూడు నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ఉన్న ఇంటికి ఒక్కో దానికి విడిగా కంటే ఫ్యామిలీ ప్యాక్ చవక.

డిఫెండర్‌పైనే ఉండేవారు విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్ తెరిచి రియల్ టైమ్, క్లౌడ్ డెలివర్డ్, ఆటోమేటిక్ శాంపిల్ సబ్మిషన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ నాలుగూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడాలి. అదే పేజీ కింద ఎక్స్‌క్లూజన్స్ జాబితా, అంటే స్కాన్ చేయకుండా వదిలేసేవాటి జాబితా ఖాళీగా ఉండాలి. సీ డ్రైవ్ మొత్తం అందులో ఉంటే, విండోస్ వేసిన వ్యక్తి యాక్టివేటర్ నడపడానికి చేసిన పని అది. ఆ కంప్యూటర్‌లో డిఫెండర్ ఉన్నా లేనట్టే. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద అనవసర యాప్‌లను ఆపే స్విచ్ కూడా వేయాలి. రోజువారీ వాడకానికి అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్ పెట్టుకుంటే సగం పీడ పోతుంది.

స్క్రీన్ మూలన 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు' అని మెకాఫీ, నార్టన్ లోగోలతో వచ్చేవి ఎక్కువగా బ్రౌజర్ నోటిఫికేషన్లే. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో తెలియని సైట్ల పేర్లు తీసేస్తే ఆగిపోతాయి.

నిజంగా ఏదో సోకిందని అనుమానం ఉంటే స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోవాలి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే పావుగంట పాటు వెతుకుతుంది, దాక్కునే వైరస్‌లకు అప్పుడు వీలుండదు. రెండో అభిప్రాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో క్విక్ హీల్, ఈస్కాన్, కే7 తయారుచేసిన తొలగింపు టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. పాస్‌వర్డ్ దొంగ అయితే శుభ్రం చేయడంతో పని పూర్తికాదు. వేరే ఫోన్ నుంచి మొదట మెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, గూగుల్ అకౌంట్‌లో 'యువర్ డివైసెస్' తెరిచి అన్నిచోట్లా సైన్ అవుట్ చేయాలి. ఖాతా నుంచి డబ్బు కదిలితే కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తెలంగాణలో ఆ కాల్స్‌ను సైబర్ సెక్యూరిటీ బ్యూరో చూస్తుంది. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఫిర్యాదు అందితే దాన్ని స్తంభింపజేసే వీలుంటుంది. లావాదేవీ నంబర్, సమయం, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి.